నానబెట్టిన గింజలు

తొమ్మిదో అధ్యాయంలో ఇల్దువారా
ఉదయం ఆరున్నర బస్సెక్కి వీగో వెళ్ళిపోవాలి.
గోడ మీది చీటీల్లో అలాగే ఉంది,
ఎర్ర సిరాతో, కింద రెండు గీతలతో.
మొగుడు లేచేసరికి బల్ల మీద తాళంచెవి.
అంతే. పదో అధ్యాయం నుంచి కొత్త ఊరు, కొత్త పేరు.

నాలుగు నెలలు పరిచాను ఆ బస్సుకు దారి.
మూషియా రేవులో వానను కూడా
నాకు కావలసిన వేళకే కురిపించాను.

ఎక్కింది. కిటికీ పక్కన కూర్చుంది.
టికెట్టు చేతితొడుగులోకి దోపుకుంది.
బెర్దోయాస్ మలుపు దగ్గర లేచి
"ఆపండి" అంది డ్రైవరుతో,
"రాత్రి గింజలు నానబెట్టి వచ్చాను."

గింజలా? ఏ గింజలు? ఎవరు పెట్టమన్నారు?

వెనక్కి తిరగేశాను. ఉన్నాయి.
మూడో అధ్యాయం, నలభై ఒకటో పేజీ.
వంటింట్లో మరీ నిశ్శబ్దంగా ఉందని,
ఆమె చేతులకు ఏదో ఒక పని ఉండాలి కదా అని
నేనే ఓ వాక్యం పారేశాను:
రేపటి గింజలు ఇవాళే నానేసే మనిషి.

కొట్టేశాను. మళ్ళీ ఎక్కించాను.
రెండోసారి కడుపులో తిప్పుతోందని దిగింది.
మూడోసారి చిల్లర చాలలేదు.
నాలుగోసారి వీగో దాకా వెళ్ళింది పాపం, నా మాట మీద;
స్టేషన్ బెంచీ మీద కూర్చుని
నలభై పేజీలు పెదవి విప్పలేదు.
నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు సరే,
అది కుంటుకుంటూ ఎంత దూరమని పోతుంది?

చీటీల వెనకవైపు సామాన్ల జాబితా రాసుకుని
ఆ శనివారం సంతకి పోయాను.

తిరిగొచ్చి, ఆమెను మలుపు దగ్గరే దించాను.
మూడు గంటలు నడిచింది వానలో.
ఈ వాన నాది కాదు.
వెనకాల నేను, గొడుగు లేకుండా.

తలుపు తీసింది. నీళ్ళు వంచింది.
ఉబ్బిన తెల్ల చిక్కుడు గింజల్ని దోసిట్లోకి తీసి
ఎవరివో అన్నట్టు చూసింది కాసేపు.
అమారో లేచి వచ్చాడు, తడిసిన కోటు చూశాడు.
"ఎక్కడికి వెళ్ళావ్?"

"దాదాపు వీగో దాకా."

ఆ 'దాదాపు' నా చీటీల్లో ఎక్కడా లేదు.
అది విని అమారో
కుర్చీ లాగాడు గానీ కూర్చోలేదు.

ఇప్పుడు తెల్లవారుజాము నాలుగు.
కథ కంచికి వెళ్ళాల్సింది, ఆమె ఇంటికి వచ్చేసింది.
పొయ్యి మీద కుండ కుతకుతమంటోంది.
అమారో చెయ్యి ఇంకా కుర్చీ వీపు మీదే ఉంది.
కూర్చోమని నేను అనను.