ఖాళీగా వదిలిన మాట

న్యాలెండాలో, ఇనుప సామాన్ల కొట్టు పైన
ఒకే ఒక్క గది మా సంఘం.
బోర్డు మీద పేరు మాత్రం మెట్ల దాకా సాగుతుంది:
ప్రైవేటు పాఠశాలల యాజమాన్యాల సమాఖ్య, కిసుము శాఖ.
లోపల రెండు బల్లలు, కుంటి ఫ్యాను,
కింద రేకు కోసినప్పుడల్లా
పంటి కింద రాయి పడ్డట్టు జివ్వుమనే గోడలు.

వేదిక మీద మాట్లాడేది అధ్యక్షుడు.
సూటు ఆయనది, మైకు ఆయనది.
ఆయన చదివే అంకెలు మాత్రం
ఒగోలా గారి మోకాళ్ల నొప్పుల్లోంచి వచ్చినవి.
రైల్వేలో గుమస్తాగా దిగిపోయిన మనిషి
కొలటేపు జేబులో పెట్టుకుని
బడి బడీ తిరిగి మరుగుదొడ్లు లెక్కపెడతాడు.
తలుపు లేనిది లెక్కలోకి రాదంటాడు.
ఒకచోట దుప్పటి వేలాడదీసి అదే తలుపన్నారు.
దుప్పటి ఎత్తి చూశాడు, దించాడు,
"ఇది సగం" అని రాసుకున్నాడు.
కౌంటీ ఆఫీసు ఫారంలో సగానికి గడి లేదు.

కందకు లేని దురద కత్తిపీటకెందుకని
కింద కొట్టువాడు నవ్వుతాడు.

చందాలు కెముంతో చూస్తుంది.
"వచ్చే నెల" అన్న హెడ్మాస్టరు కన్నా
"దేవుడి దయ" అన్నవాడు ఆలస్యమని ఆమె అనుభవం.
పోయినేడు ఒకాయన చందాకు బదులు
ఎండు ఒమేనా చేపల మూట పంపాడు.
రసీదు చింపి ఇచ్చింది. చేపలని రాయలేదు,
రాబడి అని రాసింది.
వారం రోజులు మా ఫైళ్లన్నీ సరస్సు వాసన.

మే నెల వానల్లో నోటీసు వచ్చింది.
స్థలం పట్టా లేని బడులు ముప్పై రోజుల్లో మూయాలట.
న్యాలెండాలో పట్టా ఎవరికుంది?
ఇళ్లకి లేదు, చర్చికి లేదు,
ఆ నోటీసు అంటించిన గోడకీ లేదు.

ఆ రాత్రి అర్జీ రాశాం.
కరెంటు పోయింది. కెముంతో ఫోను వెలుగు పట్టుకుంది,
ఒగోలా చెబుతున్నాడు, నేను కొడుతున్నాను.
మా బడుల్లో పదకొండు వేల మంది పిల్లలు. కొట్టాను.
తల్లులు చేపలమ్మి ఏ రోజు ఫీజు ఆ రోజు కట్టే పిల్లలు. కొట్టాను.
మా ఉపాధ్యాయులకు నెలనెలా, క్రమం తప్పకుండా
అక్కడ వేళ్లు ఆగిపోయాయి.

మా చెల్లెలు నాఫులా ఆ బడుల్లో ఒకదాంట్లోనే
మూడో తరగతికి చెబుతుంది.
ఫిబ్రవరి నుంచి జీతం లేదు.
ఆమె ఇంటద్దె నేనే కడుతున్నాను,
ఈ టైపు కొట్టిన డబ్బుతోనే.
ఆ హెడ్మాస్టరే చేపల మూట పంపినవాడు.
సరస్సులో వేట మూసినప్పుడల్లా
అతని డబ్బుల పెట్టె కూడా మూతపడుతుంది.
అతను దొంగ కాదు. అదే కష్టం.
దొంగైతే ఈ వాక్యం తేలిగ్గా కొట్టేసేదాన్ని.

"క్రమం తప్పకుండా" అని మళ్లీ చెప్పాడు ఒగోలా.
బ్యాటరీ అయిపోతోందన్నాను.
కళ్లద్దాలు తీసి చొక్కా అంచుకు తుడిచి
చాలాసేపు పెట్టుకోలేదు.
రేకు మీద వాన.
"అయితే ఇదీ సగమేనా, నెకేసా" అన్నాడు.
కెముంతో చేతిలో వెలుగు కాస్త కిందికి జారింది.
ఎవరం ఏమీ అనలేదు.

తెల్లారి అర్జీ వెళ్లింది.
"నెలనెలా"కీ "జీతం"కీ మధ్య
రెండు మాటలు పట్టేంత ఖాళీ.
తప్పచ్చు అనుకుని ఉంటాడు ఆఫీసు గుమస్తా.
సరిగ్గా ఆ చోటనే, వేరే తెల్లకాగితం దొరకనట్టు,
అందినట్టు గుండ్రటి ముద్ర కొట్టాడు.

గడువు డిసెంబరు దాకా పొడిగించారు.
పేపర్లో అధ్యక్షుడి ఫొటో,
అంచున ఎవరిదో మోచెయ్యి.
చిరుగు కుట్టిన ఆ చొక్కా
ఒగోలాదని మాకు తెలుసు.

నాఫులా పేపరు మడిచి
ఉల్లిపాయల కింద పరిచింది.
"డిసెంబరు దాకానా?" అంది.
బడి సంగతా, జీతం సంగతా అని
నేను అడగలేదు.