ఎనిమిది రాత్రులు తక్కువ

ఫారంలో తొమ్మిదో ప్రశ్న:
ఈ రాష్ట్రంలో మీరు ఎప్పటినుంచి ఉంటున్నారు?
కింద రెండంగుళాల ఖాళీ.
ఉండడం అంటే ఏమిటో ఎక్కడా రాయలేదు.

ఐడహోలో రెండేళ్లు చదివి
అరవై క్రెడిట్లు మూటగట్టుకుని
నది దాటి ఒరెగాన్ వచ్చాను.
కుండలు చేసే క్లాసు ఒక్కటి తప్ప
క్రెడిట్లన్నీ దాటాయి.
నేను మాత్రం ఇంకా వంతెన మీదే ఉన్నానట.

ఇక్కడివాళ్లకి ఒక ఫీజు,
పొలిమేర అవతలివాళ్లకి మూడింతలు.
ఇక్కడిదాన్ని కావాలంటే పన్నెండు నెలలు పట్టాలి,
అవీ చదువు కోసం కాదు, బతుకు కోసం అయ్యుండాలి.
రాత్రి రెండింటికి బేకరీలో
పిండి పిసికే చేతులకి
ఆ రెంటికీ తేడా ఏం తెలుస్తుంది?

కిటికీ వెనక లోర్నా టిఫ్ట్
కళ్లజోడు ముక్కు చివరికి జార్చి
నా ఏడాదిని కాగితం కాగితంగా పేర్చింది.
నిద్రమొహం ఫొటోతో కొత్త లైసెన్సు.
కరెంటు బిల్లు. ఓటరు నమోదు. పన్ను కట్టిన రసీదు.
అద్దె ఒప్పందం దగ్గర వేలు ఆగింది.
"నిరుడు సెప్టెంబరు మూడు అని ఉంది.
ఆగస్టు ఇరవై ఆరుకే ఉండాలమ్మాయ్.
ఎనిమిది రోజులు తక్కువ."

మా తాత బెన్యాట్ ఉగాల్దే
రెండు వేల గొర్రెలకి
మూడు రాష్ట్రాల గడ్డి మేపాడు.
మంచు పడితే దిగువకి, ఎండ ముదిరితే ఎగువకి.
నువ్వెక్కడిదానివని
ఏ గొర్రెనీ ఎవరూ అడగలేదు.
ఆయన లెక్కలో పొలిమేరంటే గడ్డి అయిపోయిన చోటు.
ఆ మాట అనబోయాను.
వెనక వరసలో పదిమంది. మింగేశాను.

ఆ ఎనిమిది రాత్రులూ నేనిక్కడే ఉన్నాను.
గది ఖాళీ అయ్యేదాకా
లాండ్రీ షాపు పక్కన, కారు వెనక సీట్లో,
కాళ్లు ముడుచుకుని,
గోడ కన్నంలోంచి వచ్చే డ్రయ్యర్ల వేడిని, సబ్బు వాసనని
దుప్పటిలా మీదికి లాక్కుని.
పొద్దున్నే పెట్రోలు బంకులో పళ్లు తోముకున్నాను.
ఆ నీళ్లు ఈ రాష్ట్రానివే కదా!
కానీ కారుకి కరెంటు బిల్లు రాదు.
వెనక సీటుకి అద్దె రసీదు ఎవరిస్తారు?

బయటికొచ్చి కారు సొరుగు గుమ్మరించాను.
టైరు గాలి కొలిచే పుల్ల, గట్టిపడ్డ చూయింగ్ గమ్,
తాత మందుల చీటీ ఒకటి,
దాని కింద నారింజ రంగు కాగితం:
ఆగస్టు ఇరవై అయిదు, తెల్లవారుజామున నాలుగూ పది,
వాహనంలో నిద్రించుట,
జరిమానా ముప్ఫై అయిదు డాలర్లు.

అద్దం మీద టార్చి కొట్టిన ఆ పోలీసుని
ఆ పూట తిట్టిన తిట్లన్నీ
ఒక్కొక్కటిగా వెనక్కి తీసుకున్నాను.
నేనిక్కడ ఉన్నానని మొదట రాసిపెట్టింది అతనే.

మళ్లీ వరసలో నించున్నాను.
లోర్నా ఆ చీటీని వెలుతురుకి పట్టింది,
తిరగేసింది,
లోపలి గదిలో ఎవరికో చూపించి వచ్చింది.
స్టాంపు చేతిలోకి తీసుకుని
ఆగి అడిగింది:
"జరిమానా కట్టావా?"

కట్టాను, మూడు విడతల్లో.

"రసీదు?"