నాలుగోది పలకలేదు

మడపాం టోల్‌గేటు దాటగానే మళ్ళీ వెలిగింది.
పసుపురంగు గుర్రపు నాడా, నడుమ ఒక ఆశ్చర్యార్థకం.
ముందు కాసేపు కొట్టుకుంది, కన్నదిరినట్టు.
కుడికన్నో ఎడమకన్నో కారుకి ఎవరు చెప్పాలి?
తర్వాత రెప్ప వేయడం మానేసింది.

మూడు వారాలుగా ఇదే వరస.
మార్గశిరం చలి అనుకున్నాను మొదట్లో,
చలికి గాలి కూడా మోకాళ్ళు ముడుచుకుంటుంది కదా అని.
పలాస బంకులో మీటరు ముప్ఫై ఆరంది.
మర్నాడు కోటబొమ్మాళి సైకిల్ షాపు ముసలాయన ముప్ఫై ఒకటన్నాడు.
టెక్కలిలో ఒక కుర్రాడు టైరుని కాలితో తన్ని
"బాగానే ఉంది సార్" అన్నాడు.
దీపం ఎవరి మాటా వినలేదు.

నా ఉద్యోగం తూనికలు, కొలతలు.
జీడిపప్పు కాటాలకీ వెండికొట్ల చిన్న త్రాసులకీ
ముద్ర కొట్టే సుత్తి నా సంచిలో ఉంటుంది.
పావుగ్రాము బొంకినా పట్టుకుంటాను.
అలాంటిది
నా కారే నాతో అబద్ధమాడుతోందో,
అది నిజం చెబుతుంటే నాకే వినపడటం లేదో తేల్చుకోలేక
నరసన్నపేట బైపాసు పక్కన
అసిరమ్మ టైర్ల కొట్టు ముందు ఆపాను.

ఆవిడ టైర్లకేసి చూడలేదు. తాళం తిప్పమంది.
దీపం కొట్టుకుంటున్నంతసేపూ
పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది.
"గాలి తగ్గితే తిన్నగా వెలిగీసి ఊరుకుంటాది బాబూ.
ముందల కొట్టుకొని, ఆనక నిలబడిందంటే
రోగం గాలికి కాదు,
గాలి సంగతి సెప్పీవోడికి."

అయినా సబ్బునీళ్ళు రాసింది. ఒక్క బుడగ లేవలేదు.
మొహమంతా గీతలు పడ్డ ఇత్తడి గేజీ పెట్టింది:
నాలుగూ ముప్ఫై మూడు.
అప్పుడు తీసింది, మేనల్లుడు విశాఖ నుంచి తెచ్చిన
టీవీ రిమోటంత పెట్టె.
ముందు కుడిచక్రం దగ్గర పెడితే పలికింది.
ముందు ఎడమది పలికింది.
వెనక కుడిది కాస్త ఆలోచించి పలికింది.
వెనక ఎడమ దగ్గర
రెండు అడ్డగీతలు.
గ్రానైటు లారీ ఒకటి పోయేదాకా ఆగి
మళ్ళీ పెట్టింది,
చెవితో వినాల్సిందేదో ఉన్నట్టు.
అవే గీతలు.

టైరు పెదవి ఎత్తి చూపించింది.
రిమ్ముని కరుచుకుని, ఉసిరికాయంత నల్లటి ముక్క.
బ్యాటరీని జిగురులో పాతేసే పుట్టించారట,
మార్చడానికి లేదు.
తొమ్మిదేళ్ళు ఆ చీకట్లో గిరగిరా తిరుగుతూ
ఒకే ఒక్క అంకె చెప్పుకుంటూ వచ్చింది.
ఎప్పుడు ఆగిపోయిందో,
బహుశా నేను ఫోన్లో ఎవరి మీదో కేకలేస్తున్నప్పుడు.

కొత్తది వచ్చేదాకా దీపం మీద
నల్లటేపు ముక్క అతికించమన్నాను.
రాత్రిపూట కళ్ళల్లో పొడుస్తోందని.
"వొద్దు," అంది, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ.
"ఒకటి మూగదైపోనాదని
మిగతా మూడిటి నోరూ మూసీత్తావేటి?"

డబ్బులిస్తూ అలవాటుగా
ఆ ఇత్తడి గేజీని తిప్పి చూశాను.
వెనక ముద్ర లేదు. ఏ ఏడుదీ లేదు.
సంచిలోంచి నా పరీక్ష గేజీ తీసి పక్కన పెట్టాను:
వెంట్రుకవాసి తేడా లేదు.
పలాస బంకు మీటరుకి ముద్ర కొట్టింది నేనే.
కాసేపు ఇద్దరం ఏమీ అనలేదు.
"కేసు రాత్తావా? రాసుకో. లోలుగు అసిరమ్మ.
లోలుగు అందరూ తప్పు రాత్తారు, సూసి రాయి."

శుక్రవారం ఆఫీసుకి గేజీ తెమ్మని
చీటీ మీద రాసిచ్చాను.
ఆవిడ దాని వెనక్కి తిప్పి
సెన్సారు ఖరీదు, మూడువేల రెండొందలు,
శుక్రవారమే వస్తుందని రాసి
చీటీ నాకే ఇచ్చేసింది.

తాళం తిప్పాను.
కొట్టుకోవడం మొదలెట్టింది.
ఈసారి నేనూ పెదాలు కదిపాను.
డెబ్భై రెండు.
తర్వాత నిలబడింది.