రెండో గది

పలాస జీడిబట్టీలో అరిగిన వేళ్ళు నావి,
ఫోను నా ముద్ర గుర్తుపట్టదు.

అక్కడ ఏ సిమ్ము మేలో
మూడ్రోజులు లెక్కలేసావు:
ఒకదానికి నెట్టెక్కువ, వీడియో పడదు.
ఇంకోదానికి నిమిషాలెక్కువ, క్యాంపులో టవరు నేదు.
ఆఖరికి వంటోడు వాడేదే తీసుకున్నావు,
రొట్టెల కొట్లోనే రీచార్జి దొరుకుతాదని.

ఇక్కడి సిమ్ము సావనీకు,
బేంకోడి అంకెలు దానికే వస్తాయన్నావు.
నా ఫోను రెండో గదిలో పెట్టి
నెలనెలా మేపుతున్నాను.
"బైరాగున్నాడా?"
చీటీలోడు, సిమెంటు కొట్టోడు.
"ఊర్లో నేడండి."

నిన్న రాత్రి రెండింటికి
రెండో గది మోగింది. పొడుగాటి నంబరు.
నిద్దట్లోనే ఎత్తి
"ఊర్లో నేడండి" అన్నాను.

"నానే. ఫోను పోనాది,
వంటోడి దాంతో సేస్తన్నాను.
నీ నంబరు నోటికి రాదు,
నాదొకటే వచ్చు."