చిక్కం

ఇంక వారం దినాలకు పోటీ.
మూతికి బ్రేకున్న తుపాకి ఆ వరుసల పనికిరాదన్నరు.
కాజీపేట డీజిల్ షెడ్డుల ముప్పై ఏండ్లు ఫిట్టరు చేసిన
ఓదేలు రేకుల షెడ్డుకు పోయిన.

మజిల్ బ్రేకు అంటె ఆయనకు నోరు తిరగలే.
గుంటుక తోలంగ ఎడ్ల మూతికి కట్టేది యాదికొచ్చి
"చిక్కం" అన్నడు. గదే పేరు పడ్డది.

ముందుగాల బోల్టు గుంజి బల్ల మీద పెట్టించిండు.
గొట్టంల కన్ను పెట్టుమన్నడు:
అటు కొసకు ఫాతిమానగర్ బ్రిడ్జి మీది లైటు,
రూపాయి బిళ్లంత, చుట్టూ మెలి తిరిగిన చారలు.
"ఖాళీ" అన్న.
"మల్ల సూడు" అన్నడు.

సైకిల్ ట్యూబు చుట్టి గొట్టాన్ని వైసుల బిగించిండు.
స్పానరు ఎడమకు. రాలే.
మరల సందున మూడు నెలల మసి.
వేడి గాలి పట్టి, ఆగి, మల్ల ఎడమకు.
టిక్కుమన్నది నాకు వినపడ్డది,
చెవులు ఇంజన్లకిచ్చిన మనిషికి మణికట్టుల తెలిసింది.

మూడు నెలలు ఆ చిక్కం నా భుజాన్ని కాసింది.
నా దెబ్బంతా పక్కకు చిమ్మింది,
పక్క గీతల బోర్ల పండుకునే తహెసీన్ మొఖం మీదికి.
ఆమె ఒక్క మాట అనలే.
చాప మాత్రం రోజుకు జానెడు దూరం జరుపుకున్నది.
నేను నా గురినే సూసుకున్న.

ధర్మసాగర్ గుట్టల కాడ, చిక్కం లేని మొదటి గుండు
రెండు వేళ్లు కిందికి, ఎడమకు పోయింది.
అదే కన్ను, అదే ఊపిరి.
పెట్టెడు గుండ్లు కాలినంక గురి కుదిరింది.
రాత్రి భుజం సూసి అమ్మ, "ఎవడు కొట్టిండే?"
"నేనే."
ఉప్పు మూట వేడి చేసి కాపడం పెట్టింది, నమ్మకుంటనే.

పోటీల నాలుగో జాగ. పతకం మూడు దాకనే.

మల్ల ఓదేలు దగ్గర. పాత వాషరు వేస్తనంటే
చేతులకెల్లి గుంజుకొని మూలకు ఇసిరిండు:
"ఒకపారి నలిగింది మల్ల నలగదు."
మరలు బ్రష్షు పెట్టి తోమి, చుక్క నూనె,
చేత్తోని ఆగేదాక, ఆ తర్వాత స్పానరుతోని ఇంత.
బొక్కలు కుడికెడమలకు సమంగ వచ్చినయా అని
పెన్సిలు గీత పక్కన కన్ను మూసి సూసిండు.

"చిక్కం లేకుంట ఎట్లుండె?"
ఆయన మంచి చెవు పక్కకు వంగి చెప్పిన:
"నొచ్చింది. తహెసీన్ చాప దగ్గరికొచ్చింది."

రేపు మల్ల ప్రాక్టీసు.
ఈపారి చాప నేను జరుపుకుంట.