గిన్నె దగ్గర ఆగాం

హార్టిల్‌పూల్‌లో ప్రతి బుధవారం
పదీ నలభైకి
ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో, మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుంటాను.
కుర్చీ ఐదేళ్లవాళ్లది.
రేడియేటర్ మీద పద్నాలుగు తడి గ్లవ్స్,
ఏ రెండూ జత కావు.

ఎల్లిస్ వస్తాడు. ఏడేళ్లు.
ముక్కు తుడుచుకున్న చెయ్యే నా చేతికిస్తాడు.
పుస్తకం తెరిచాడా, ఇక పట్టలేం:
గుక్క తిప్పుకోడు, కామాల్ని తొక్కుకుంటూ పోతాడు,
ఏ స్టేషన్లోనూ ఆగని బండి,
కిటికీల్లో మొహాలు ఆనేలోపే దాటిపోతుంది.
నిమిషానికి నూట పద్దెనిమిది మాటలు.
మిసెస్ థర్ల్‌వెల్ కాగితం మీద రాసుకుని
"చూశారా" అన్నట్టు కనుబొమ్మలెత్తింది.

"ఎవరు ఏడ్చారు, ఎల్లిస్?"
"ఎక్కడ?"
"ఇప్పుడు చదివావే, అందులో."
పేజీ వెనక్కి తిప్పాడు, ముందుకు తిప్పాడు.
"ఆరో పేజీ" అన్నాడు.

నేను నవ్వలేదు.
నాకా హక్కు లేదు.
వాడంత ఉన్నప్పుడు రేపల్లెలో
అరవై మూడు పద్యాలు తడుముకోకుండా అప్పజెప్పి
స్టీలు టిఫిన్ డబ్బా గెలుచుకున్నాను.
ఒక్క పద్యమూ లోపలికి దిగలేదు,
నోట్లో పుట్టి నోట్లోనే పోయాయి.
డబ్బాలో మాత్రం చాలా ఏళ్లు పులిహోర తిన్నాను.

ఈ వారం కథ చిన్నది.
రేవులో ఒక కుక్క, రాని పడవ కోసం కూర్చుని ఉంటుంది.
పొద్దున్నే ఎవరో తిండి పెట్టి వెళ్తారు.
"సాయంత్రానికి గిన్నె నిండుగానే ఉంది."
అంతే వాక్యం.
వాడు దాన్నీ దాటిపోబోతుంటే
వేలు అడ్డం పెట్టాను.

"గిన్నె ఎందుకు నిండుగా ఉంది?"
"పెద్ద గిన్నె కాబట్టి."
సరే. కావచ్చు.
"ఇంకా?"
"చవకరకం తిండి కొన్నారేమో."
అదీ కాదనలేను.
పుస్తకంలో జవాబు లేదు మరి.
రాసినవాళ్లెవరో కావాలనే అక్కడొక గుంట తవ్వి
కాలు వేస్తామా లేదా అని పొదల చాటునుంచి చూస్తున్నారు.

జవాబు నా నాలుక చివరే ఉంది.
మింగేశాను.
ఈ పనిలో కష్టమంటూ ఉంటే అదే.

బయట సీగల్స్ ఎవరి శాండ్‌విచ్ కోసమో కొట్టుకు చస్తున్నాయి.
ఎల్లిస్ అటు చూశాడు.
గోరు కొరికాడు. షూ లేసు విప్పాడు, కట్టలేదు.
స్టాప్‌వాచ్ తిరుగుతూనే ఉంది.

"మా తాత టీ కూడా అలాగే ఉండేది."
నాతో కాదన్నట్టు, లేసుతో అన్నాడు.
"నాన్నమ్మ హాస్పిటల్లో ఉన్నప్పుడు.
పైన తొరక కట్టేది.
నేనే సింకులో పారబోసేవాణ్ణి."

"అయితే..." అన్నాను.
అని ఊరుకున్నాను.

"కుక్కకి ఆకలేసే ఉంటుంది," అన్నాడు మెల్లగా.
"తినడం గుర్తుకు రాలేదంతే."

ఎవరూ చెప్పకుండానే వెనక్కెళ్లి
ఆ వాక్యం మళ్లీ చదివాడు,
పాచి పట్టిన రాళ్ల మీద నడుస్తున్నట్టు,
ఒక్కో మాట మీదా బరువు ఆన్చి చూసుకుంటూ.

ఆకలేసింది అంటాం, జలుబు చేసింది అంటాం,
అలాగే, నాకు అర్థమైంది అంటాం మా భాషలో.
అది మనం చేసే పని కాదు,
మనకి అయ్యేది.
ఇన్నేళ్లుగా ఆ మాట వాడుతున్నాను,
ఇవాళే దాన్ని చదివాను.

గంట మోగింది.
మిసెస్ థర్ల్‌వెల్ కాగితం చూసి, నా వంక చూసింది.
"నలభై ఒకటేనా? ఏమైంది?"
"గిన్నె దగ్గర ఆగాం."
ఆవిడ నలభై ఒకటి పక్కన ప్రశ్న గుర్తు పెట్టుకుంది.

ఎల్లిస్ తలుపు దాకా వెళ్లి తిరిగొచ్చాడు,
లేసు నేల మీద ఈడుస్తూ.
"పడవ వస్తుందా?"

ఇంకా మూడు పేజీలున్నాయి.
"ఏమో, నాకూ తెలీదు" అన్నాను,
నిన్న రాత్రే రెండుసార్లు చదివిన పుస్తకాన్ని
చంకలో దాచుకుంటూ.