ఏమవుతావు

డండీలో అక్టోబరు వాన కిందికి కురవదు.
టే నది మీదుగా అడ్డంగా వచ్చి
మా కిటికీని తట్టి చూసి పోతుంది.
రెండో అంతస్తు, కెరీర్ సలహాల గది.
ఒక కెటిల్, రెండు కుర్చీలు,
ఎవరూ తీసుకెళ్ళని కరపత్రాల బొత్తి.

పదకొండున్నరకి ఐల్సా వచ్చింది.
అకౌంటింగ్, మూడో ఏడు.
తడిసిన కోటు విప్పకుండానే అడిగింది:
"నాకే ఉద్యోగం సరిపోతుందో చెప్పే పరీక్ష ఏదో ఉందటగా?"
ఉంది. నలభై ప్రశ్నలు, చివర ఒక రంగుల చక్రం.
పోయినేడు అది నన్ను
పూలకొట్టు పెట్టుకోమంది.

పరీక్ష పక్కనపెట్టి టీ పోశాను.

చిన్నప్పుడు నన్నూ అడిగారు, పెళ్ళిళ్ళలో, రైళ్ళలో,
నా నోట్లో వేళ్ళుంచి పళ్ళ డాక్టరు కూడా:
"పెద్దయ్యాక ఏమవుతావమ్మా?"
జవాబు కోసం కాదు ఆ అడగడం,
బుగ్గ గిల్లడానికి బదులు.
నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. కలెక్టరు. డాక్టరు.
ఒకే ఒక్కసారి, కండక్టరు.
నిజం చెప్పింది అప్పుడే.
అందరూ నవ్వారు. ఎందుకని ఒక్కరూ అడగలేదు.
(ఆ చిల్లర సంచీ గలగల. ఒక్క ఈలకి అంత బస్సూ ఆగడం.)

ఆ "ఎందుకని" మీదే ఇప్పుడు నా జీతం.

"ఈమధ్య దేన్ని చూస్తూ ఆలస్యమయ్యావు?" అన్నాను.
ఐల్సా కప్పులోకి చూసింది.
వాన రెండుసార్లు వచ్చి వెళ్ళింది.
నోరు మూసుకుని కూర్చోవడం ఈ పనిలో సగం,
నాకది పదేళ్ళకి గానీ పట్టుబడలేదు.

"వంతెన," అంది.
"తాళ్ళకి వేలాడుతూ రైలు వంతెనకి రంగులేస్తారు కదా,
వాళ్ళని చూస్తూ ఆడిటింగ్ క్లాసు పోగొట్టుకున్నాను. రెండుసార్లు."
"మనుషుల్నా, తాళ్ళనా, రంగునా?"
"తుప్పుని," అంది, తప్పు ఒప్పుకున్నట్టు.
"అది మొదట ఎక్కడ పుడుతుందో కనిపెట్టాలని.
బోల్టు కింద. ఎవరూ చూడని చోట."
అప్పుడు విప్పింది కోటు.

ఇంజనీరింగుకి మారిపో అనలేదు నేను. నాకేం తెలుసు?
లెక్కల పుస్తకాలకీ తుప్పు పడుతుంది, బోల్టు కిందే.
ఒక కాగితం మీద రాసిచ్చి పంపాను:
ఆ తాళ్ళవాళ్ళలో ఒకరిని పట్టుకో. ఉద్యోగం అడక్కు.
మంగళవారం మధ్యాహ్నం మూడింటికి ఏం చేస్తుంటారో అడుగు.
ఏది విసుగో అడుగు. ఇంట్లో చెప్పనిదేదో అడుగు.
చెప్పకపోతే సరే, మొహం చూడు.

మూడు వారాలకి వచ్చింది.
ఆయన పేరు డూగల్. మోకాళ్ళు అరిగిపోయాయట.
చలికి వేళ్ళు తెల్లబడతాయట.
ఆర్నెల్లు గీకి రంగేసిన చోటు మళ్ళీ ఎర్రబారితే
కోపం రాదట,
పాత చుట్టం కనబడ్డట్టుంటుందట.
"మరి నువ్వు?"
"తెలీదు."
మొదటిసారి చేతులు జేబుల్లో ఉన్నాయి.
ఇప్పుడు నోటుబుక్కులో పదకొండు ప్రశ్నలు,
ఒకటి కొట్టేసి మళ్ళీ రాసింది.

చుట్టం అనేసరికి నా భాష నాకు తగిలింది.
"మా తెలుగులో ఒక తమాషా ఉంది," అన్నాను.
"ఏమవుతావు అని పిల్లల్ని అడుగుతాం.
అదే మాట, పెళ్ళిపందిట్లో కొత్తమొహం కనిపిస్తే కూడా:
పెళ్ళికూతురికి నువ్వేమవుతావు? ఏం వరస?
ఇన్నాళ్ళూ మొదటిదే పట్టుకుని వేలాడాం మేమంతా.
నువ్వు రెండోది అడిగి చూడు.
ఆ తుప్పుకి నువ్వేమవుతావు?"

నవ్వలేదు. రాసుకుంది. పన్నెండోది.
తర్వాత పెన్ను నావైపు తిప్పి:
"ఈ పనికి మీరేమవుతారు?"

పద్నాలుగేళ్ళలో ఆ కుర్చీలోంచి రాని ప్రశ్న.
కెటిల్ మరిగి, టక్కుమని ఆగింది.
తల్లినంటే అబద్ధం. గురువునంటే ఇంకా పెద్దది.
"మేనత్తని, అనుకుంటా.
కన్నదాన్ని కాదు, పెంచినదాన్నీ కాదు.
ఎప్పుడో వస్తారు. నాలుగు మాటలు అడుగుతాను.
చేతిలో ఏదో ఒకటి పెట్టి పంపిస్తాను.
ఎటు తిరిగారో కిటికీలోంచి చూస్తాను."

బస్‌స్టాప్ కుడివైపు.
గొడుగు లేకుండా ఐల్సా ఎడమకి తిరిగింది,
నది వైపు.